బయోడేటా చెరగని ఆట: ఈవ్ ఆన్‌లైన్‌లో నమ్మకానికి ఇరవై ఏళ్ల చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్‌ని ఒక చిన్న సీన్‌తో మొదలుపెడదాం. రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. మీరు ఫోన్ బ్రైట్‌నెస్ తగ్గించుకుని గేమ్ ఓపెన్ చేశారు. మీ గిల్డ్‌లో చేరతానని ఎవడో రిక్వెస్ట్ పెట్టాడు. ప్రొఫైల్ చూస్తే లెవెల్ బాగుంది, కె.డి. రేషియో బాగుంది, మాట కూడా మర్యాదగా ఉంది. చేర్చుకుంటారా?

చాలామంది చేర్చుకుంటారు. ఏం పోతుంది, తేడా వస్తే తీసేయొచ్చు కదా అనుకుంటారు. మరి ఆ కొత్తవాడి చేతిలో మీ ఐదేళ్ల కష్టం అంతా పెట్టాల్సి వస్తే? అతను ఒక్క బటన్ నొక్కితే మీ గిల్డ్ పేరుతో సహా మాయమైపోతుందంటే? అప్పుడు ప్రొఫైల్ చూసి నమ్ముతారా?

సరిగ్గా ఈ ప్రశ్నతో ఇరవై ఏళ్లకు పైగా బతుకుతున్న గేమ్ ఒకటుంది. పేరు ఈవ్ ఆన్‌లైన్. మనలో చాలామంది ఆడి ఉండరు, అది కంప్యూటర్ గేమ్. దాని మొబైల్ వెర్షన్ ఈవ్ ఎకోస్ 2020 ఆగస్టులో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో మన కేంద్ర ప్రభుత్వం 54 యాప్‌లని నిషేధించింది, గుర్తుందా? ఫ్రీ ఫైర్ పోయిందని అప్పుడు అందరం గోల పెట్టాం. అదే లిస్టులో ఈవ్ ఎకోస్ కూడా ఉంది. దాని గురించి మాత్రం మన దగ్గర ఎవరూ మాట్లాడుకోలేదు. ఇవాళ మాట్లాడుకుందాం.

అసలు ఏంటి ఈ గేమ్?

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో సీసీపీ అనే కంపెనీ ఉంది. వాళ్లు 2003 మేలో ఈవ్ ఆన్‌లైన్‌ని విడుదల చేశారు. అంతరిక్షంలో జరిగే ఆట ఇది. ఓడలు నడపొచ్చు, గనులు తవ్వొచ్చు, వ్యాపారం చేయొచ్చు, యుద్ధాలు చేయొచ్చు. ఇలాంటి ఆటలు చాలానే ఉన్నాయి. కానీ ఈ ఆటని వేరు చేసే విషయాలు మూడున్నాయి.

మొదటిది, అందరూ ఒకే లోకంలో ఉంటారు. చైనాకి విడిగా సర్వర్ ఉంది, మిగతా ప్రపంచమంతా ట్రాంక్విలిటీ అనే ఒక్క సర్వర్‌లోనే ఆడుతుంది. పరువు పోగొట్టుకుని వేరే సర్వర్‌కి వెళ్లిపోదామంటే కుదరదు. వెళ్లడానికి ఇంకో ఊరే లేదు.

రెండోది, పోయింది పోయినట్టే. ఓడ పేలిపోతే మ్యాచ్ అయ్యాక మళ్లీ రాదు. ఆర్నెల్లు కష్టపడి కొన్న ఓడ అయినా అంతే.

మూడోది అసలైనది. ఈ ఆటలో మోసం రూల్‌కి విరుద్ధం కాదు. హ్యాకింగ్ చేయకూడదు, నిజమైన డబ్బుకి దొంగచాటుగా అమ్మకూడదు, బయటి జీవితంలో ఎవరినీ బెదిరించకూడదు. కానీ ఆట లోపల తియ్యగా మాట్లాడి, నమ్మించి, ఖజానా ఊడ్చుకుపోతే కంపెనీ ఏమీ అనదు. సొమ్ము వెనక్కి ఇప్పించదు.

ఆటగాళ్లు చేరే గ్రూపుని కార్పొరేషన్ అంటారు. మన గిల్డ్ లాంటిదే. కొన్ని కార్పొరేషన్లు కలిస్తే అలయన్స్. అలయన్స్‌లు కూడా చేతులు కలిపితే కూటమి. పెద్ద అలయన్స్‌లలో వేలమంది ఉంటారు. ఇంతమంది ఒకరికొకరు ముఖం తెలియనివాళ్లు, మోసానికి శిక్ష లేని లోకంలో కలిసి బతకాలి. ఎలా?

చెరగని బయోడేటా

గేమ్ వాళ్లకి ఒక సాయం చేసింది. ఈ ఆటలో ఏ ఆటగాడి పేరు మీద క్లిక్ చేసినా అతని ఎంప్లాయ్‌మెంట్ హిస్టరీ కనిపిస్తుంది. ఏ తేదీన ఏ కార్పొరేషన్‌లో చేరాడు, ఎప్పుడు మానేశాడు, తర్వాత ఎక్కడికి వెళ్లాడు, మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా మొత్తం లిస్టు ఉంటుంది. డిలీట్ చేయడం కుదరదు. దాచుకోవడమూ కుదరదు. మనం ఉద్యోగానికి ఇచ్చే బయోడేటాలో నచ్చని ఉద్యోగాన్ని వదిలేస్తాం కదా, ఇక్కడ ఆ అవకాశం లేదు.

ఇది కాక కిల్‌మెయిల్ ఉంటుంది. ఓ ఓడ పేలగానే ఎవరు పేల్చారు, ఏ ఓడలో వచ్చి పేల్చారు, ఆ దాడిలో ఇంకెవరు పాల్గొన్నారు అని గేమే ఒక రసీదు రాస్తుంది. ఆటగాళ్లు వీటిని కిల్‌బోర్డ్ అనే వెబ్‌సైట్లలో పెడతారు. మొన్న నా స్నేహితుడి ఓడ మీద కాల్చింది నువ్వు కాదా అని రెండేళ్ల తర్వాత కూడా అడగొచ్చు.

మూడోది స్టాండింగ్. ప్రతి కార్పొరేషన్, ప్రతి అలయన్స్ ఇతరులకి మార్కులు వేసుకోవచ్చు. ప్లస్ 10 నుంచి మైనస్ 10 వరకు. ప్లస్ అయితే తెరమీద పేరు పక్కన నీలం గుర్తు, మైనస్ అయితే ఎరుపు. అందుకే ఈవ్ ఆటగాళ్ల భాషలో దోస్తీ అంటే "బ్లూ", శత్రుత్వం అంటే "రెడ్". "వాళ్లు మనకి బ్లూనా?" అన్నది యుద్ధానికి ముందు అడిగే మొదటి ప్రశ్న.

మరి గుర్తు ఏమీ లేనివాడు వస్తే? ఊరు పేరు తెలియని కొత్తవాడు మన ప్రాంతంలోకి అడుగుపెడితే ఏం చేయాలి? ఇక్కడే ఈవ్ లోకం రెండుగా చీలిపోయింది.

ఎక్కువ గ్రూపుల పద్ధతి ఇది: బ్లూ కాకపోతే కాల్చెయ్. మనవాడు కాకపోతే శత్రువే. విచారణ లేదు, మాటలు లేవు.

ప్రావిడెన్స్ అనే ప్రాంతంలో మాత్రం సీవీఏ అనే అలయన్స్ దీన్ని తిరగేసింది. రెడ్ కాకపోతే కాల్చొద్దు. తప్పు చేసినట్టు తెలిసేదాకా ఎవరైనా రావచ్చు, తవ్వుకోవచ్చు, అమ్ముకోవచ్చు. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ అందరినీ కాల్చేవాడికి రికార్డు అవసరం లేదు. అందరినీ రానిచ్చేవాడికే రికార్డు కావాలి. అందుకని వాళ్లు ఓ పెద్ద లిస్టు తయారు చేసుకున్నారు. ఎవరు కనిపిస్తే కాల్చాలో అందులో ఉండేది. దాన్ని వెతకడానికి ఒక టూల్ కూడా కట్టారు. దొంగపని చేసి, కార్పొరేషన్ మానేసి, ఏమీ తెలియనట్టు వచ్చేవాళ్ల కోసం ఇంకో నియమం పెట్టారు. ఇప్పుడు ఏ గ్రూపులో లేకపోతే, చివరగా ఏ గ్రూపులో ఉన్నాడో చూడు. అది రెడ్ అయితే ఇతనూ రెడ్. చెరగని బయోడేటా ఉంది కాబట్టే ఈ నియమం పనిచేసింది.

ఇక్కడిదాకా వింటే భలే సిస్టమ్ అనిపిస్తుంది కదా? ప్రతివాడి చరిత్ర అందరి కళ్లముందు ఉంది. ఇంకెవరు మోసపోతారు? ఇప్పుడు అసలు కథలోకి వెళ్దాం.

2005: ఏడాది పాటు నటించినవాళ్లు

2005 ఏప్రిల్. యుబిక్వా సెరాఫ్ అని ఒక కార్పొరేషన్ ఉండేది. దాని సీఈఓ ఆటలో పేరు మిరియల్. ఆమె మీద ఎవరో సుపారీ ఇచ్చారు. ఆ పని తీసుకున్న గ్రూపు పేరు గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్. పేరు వింటే పిక్నిక్ క్లబ్ లాగా ఉంటుంది కానీ చేసేది కిరాయి పని.

వాళ్లు దాడి చేయలేదు. ఉద్యోగానికి అప్లై చేశారు. ఒక్కొక్కరుగా ఆ కార్పొరేషన్‌లో చేరారు. కష్టపడి పనిచేశారు, యుద్ధాల్లో పక్కన నిలబడ్డారు, కబుర్లు చెప్పుకున్నారు, ప్రమోషన్లు తెచ్చుకున్నారు. సుమారు ఏడాది గడిచింది. వాళ్లలో ఒకడు సీఈఓకి కుడిభుజం అయ్యాడు. అప్పుడు సిగ్నల్ వచ్చింది. ఒకేసారి అన్నిచోట్లా గోడౌన్లు ఖాళీ చేశారు. అదే టైంలో సీఈఓ అరుదైన ఓడని పేల్చేశారు. పోయిన సరుకు విలువ ఆట డబ్బులో 3,000 కోట్ల ఇస్క్ అని, నిజమైన డబ్బు లెక్కలో 16,500 డాలర్ల దాకా ఉంటుందని అప్పట్లో పత్రికలు రాశాయి. కంపెనీ ఎవరినీ శిక్షించలేదు. రూల్ ఏదీ తప్పలేదు మరి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ దొంగల బయోడేటా ఎలా ఉండి ఉంటుంది? ఏడాదిగా ఒకే కార్పొరేషన్‌లో నమ్మకంగా పనిచేస్తున్న ఉద్యోగి అని ఉంటుంది. అంటే ఆ రికార్డులో అబద్ధం ఒక్కటీ లేదు. అతను నిజంగానే చేరాడు, నిజంగానే పనిచేశాడు. ఎందుకు చేరాడన్నది మాత్రం అందులో లేదు.

ఇంకో రెండు లొసుగులు కూడా ఉన్నాయి. ఒక మనిషి ఎన్ని అకౌంట్లయినా పెట్టుకోవచ్చు, ఒక్కో అకౌంట్‌లో మూడు పాత్రలు ఉండొచ్చు. ఒక పాత్ర బయోడేటా నల్లగా ఉంటే తెల్లటిది ఇంకోటి తయారు చేసుకుంటాడు. రెండోది, ఈ ఆటలో కంపెనీ అనుమతితోనే పాత్రల్ని ఆట డబ్బుకి అమ్ముకోవచ్చు. పదేళ్ల మంచి రికార్డున్న పాత్రని నిన్న ఎవరో కొనుక్కుని ఉండొచ్చు. పేరు అదే, చరిత్ర అదే, మనిషి వేరు. రికార్డు పాత్రది, మనిషిది కాదు.

కంపెనీనే నమ్మలేని రోజు

ఆటగాళ్లు ఒకరినొకరు నమ్మకపోయినా అంపైర్‌ని నమ్మాలి కదా. 2007లో ఆ నమ్మకం కూడా దెబ్బతింది. సీసీపీలో పనిచేసే ఉద్యోగి ఒకడు, అప్పటి బలమైన అలయన్స్ బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌లో ఆడుతూ, విలువైన బ్లూప్రింట్లు అక్రమంగా అటు చేర్చాడని బయటపడింది. మిగతా ఆటగాళ్లు భగ్గుమన్నారు. మేం ఏళ్ల తరబడి చేస్తున్న యుద్ధంలో అంపైరే అవతలి టీమ్‌కి ఆడాడా అని.

దాని తర్వాత కంపెనీ రెండు పనులు చేసింది. సొంత ఉద్యోగుల మీద నిఘాకి ఒక విభాగం పెట్టింది. 2008లో ఆటగాళ్లే ఓట్లేసి ఎన్నుకునే ఒక కౌన్సిల్‌ని మొదలుపెట్టింది. దాన్ని సీఎస్ఎం అంటారు. గెలిచినవాళ్లని రేక్యావిక్‌కి పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడతారు. ఈ సీఎస్ఎం పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

2009: ఒక్క మనిషి, ఒక్క రాత్రి

బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌కి బద్ధ శత్రువు గూన్‌స్వార్మ్. వీళ్లది వేరే దారి. సమ్‌థింగ్ ఆఫుల్ అనే వెబ్‌సైట్‌లో ఎప్పటినుంచో ఒకరికొకరు తెలిసినవాళ్లు గుంపుగా ఆటలోకి వచ్చారు. కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే ఆట బయోడేటా కన్నా, "మావాడేనా, మనలో ఎవరైనా పూచీ ఉంటారా" అని చూసేవాళ్లు. అచ్చం మన ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు "ఎవరి తాలూకు?" అని అడిగినట్టు.

2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌లో డైరెక్టర్ హోదాలో ఉన్న ఒక ఆటగాడు తనంతట తానే గూన్‌స్వార్మ్ వాళ్లని కలిశాడు. ఇక్కడ విసుగొచ్చింది, మీ వైపు వస్తానన్నాడు. గూన్‌స్వార్మ్ గూఢచారి విభాగాన్ని నడిపే ది మిట్టాని అతని హోదా చూసి విషయం అర్థం చేసుకున్నాడు. డైరెక్టర్‌కి డబ్బు తీసే హక్కు ఉంది, ఓడలు తీసే హక్కు ఉంది. అంతకన్నా పెద్దది, అలయన్స్‌ని మూసేసే హక్కు కూడా ఉంది.

అతను ఆ బటన్ నొక్కాడు. వేలమంది అలయన్స్ ఒక్క రాత్రిలో రద్దయిపోయింది. అప్పటి నియమాల ప్రకారం అంతరిక్షంలో భూములన్నీ అలయన్స్ పేరు మీద ఉండేవి. పేరు పోయింది, భూములూ పోయాయి. పోనీ అదే పేరుతో మళ్లీ పెట్టుకుందామంటే, ఈలోపే గూన్‌స్వార్మ్ వాళ్లు ఆ పేరుని రిజిస్టర్ చేసేసుకున్నారు! పాతవాళ్లు కెన్‌జోకు అనే కొత్త పేరుతో లేచారు కానీ, కొన్ని నెలల్లోనే వాళ్ల కంచుకోట డెల్వ్ ప్రాంతం చేజారింది.

యుద్ధంలో ఓడించలేనివాళ్లని ఒక్క మనిషి నమ్మకద్రోహం ఓడించింది. మరి గెలిచినవాళ్లు పాఠం నేర్చుకున్నారా? సుమారు ఏడాదికే, 2010 మొదట్లో గూన్‌స్వార్మ్ సొంత సీఈఓయే ఆ అలయన్స్‌ని విడగొట్టేశాడు. ఎవరో గూఢచారి కాదు, సాక్షాత్తూ అధినేత. వాళ్లు కూడా గూన్‌స్వార్మ్ ఫెడరేషన్ అని కొత్త పేరు పెట్టుకుని మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

అదే 2009లో ఇంకో దెబ్బ. ఆటగాళ్లు ఆటలోనే ఈబ్యాంక్ అని ఒక బ్యాంకు నడిపేవాళ్లు. దాని సీఈఓ 20,000 కోట్ల ఇస్క్ తీసి బయట నిజమైన డబ్బుకి అమ్ముకున్నాడు. సుమారు 6,300 ఆస్ట్రేలియా డాలర్లు వచ్చాయి. ఇంటి డౌన్ పేమెంట్‌కి, కొడుకు వైద్యం ఖర్చుకి వాడానని చెప్పాడు. కంపెనీ అతన్ని బ్యాన్ చేసింది. ఎందుకో తెలుసా? దొంగతనానికి కాదు, నిజమైన డబ్బుకి అమ్మినందుకు!

అనుమానం ముదిరితే

ఇన్ని దెబ్బలు తిన్నాక గ్రూపులు ఏం చేశాయి? తనిఖీలు పెంచేశాయి. ఏపీఐ కీ అని ఒకటుండేది. ఆటగాడు అది ఇస్తే అవతలివాళ్లు అతని మెయిల్స్, డబ్బు లావాదేవీలు, ఆస్తులు, పరిచయాలు అన్నీ చదవొచ్చు. పెద్ద అలయన్స్‌లో చేరాలంటే ఇది ఇవ్వాల్సిందే. నీ ఇతర పాత్రల కీలు కూడా ఇవ్వాలి. నీకు డబ్బు ఎవరు పంపారు, ఎందుకు పంపారు, శత్రువుల మెయిల్ నీ దగ్గర ఎందుకుంది అని ఇంటర్వ్యూ చేసేవాళ్లు. 2018లో కంపెనీ ఆ పాత కీలని తీసేసి లాగిన్‌తో అనుమతి ఇచ్చే కొత్త పద్ధతి తెచ్చింది కానీ, తనిఖీ అలవాటు మాత్రం పోలేదు.

దీనివల్ల ఎవరికి దెబ్బ? అనుభవమున్న గూఢచారి ఎలాగూ శుభ్రమైన అకౌంట్‌తోనే వస్తాడు. ఇబ్బంది పడేది నిజంగా కొత్తగా వచ్చినవాడు. అతని బయోడేటా ఖాళీగా ఉంటుంది. ఖాళీ బయోడేటా అంటే అనుమానం. రికార్డు లేదు కాబట్టి చేర్చుకోరు, చేర్చుకోరు కాబట్టి రికార్డు రాదు. "ఎక్స్‌పీరియన్స్ ఉంటేనే జాబ్" అన్న బోర్డు చూసిన ఫ్రెషర్‌కి ఈ బాధ ఇంకా బాగా అర్థమవుతుంది.

అందుకే 2004లో పుట్టిన ఈవ్ యూనివర్సిటీ లాంటి గ్రూపులకి అంత గౌరవం. కొత్తవాళ్లకి ఆట నేర్పడమే వాళ్ల పని. వాళ్ల దగ్గర చదివినవాడి బయోడేటాలో కనీసం ఒక లైన్ అయినా పడుతుంది.

నమ్మకం నిలబెట్టినవాళ్లు

ఇదంతా వింటే ఈ ఆటలో అందరూ దొంగలే అనిపిస్తుంది. కాదు. ఈ లోకంలో "అందరికంటే నమ్మదగినవాడు" అని పేరు తెచ్చుకున్న ఆటగాడు ఒకరున్నారు. ఆటలో పేరు క్రిబ్బా. స్వీడన్ మనిషి.

ఈవ్‌లో టైటన్ అని అతిపెద్ద ఓడ ఉంటుంది. కట్టడానికి వారాలకి వారాలు పడుతుంది. అది మార్కెట్‌లో పెట్టి అమ్మడానికి కుదిరేది కాదు. చేతికి చేయి మారాల్సిందే. ముందు డబ్బిస్తే అవతలివాడు ఓడతో పారిపోవచ్చు, ముందు ఓడ ఇస్తే డబ్బు రాకపోవచ్చు. అప్పుడు ఇద్దరూ క్రిబ్బా దగ్గరికి వెళ్లేవాళ్లు. ఓడ ఆయనకి అప్పగించు, డబ్బు ఆయనకి పంపు, రెండూ చేరాక ఎవరిది వాళ్లకి ఇస్తాడు, కొంత ఫీజు తీసుకుంటాడు. పల్లెల్లో పొలం బేరానికి అడ్వాన్స్ డబ్బు పెద్దమనిషి దగ్గర పెట్టినట్టే. ఒకరినొకరు చంపుకునే శత్రువులు కూడా ఆయన మాట మీద నిలబడ్డారు. ఒక్కసారి తీసుకుని పారిపోయినా ఊహించనంత ఆస్తి. ఆయన పారిపోలేదు. ఆయన ప్రతి బేరం అందరి కళ్లముందు చేశాడు, ఏళ్ల తరబడి చేశాడు. ఆ పేరుని ఒక్క రాత్రిలో ఎవరూ సంపాదించలేరు, ఎక్కడా కొనలేరు.

ఇంకొకరు షాన్ స్మిత్. ఆటలో పేరు వైల్ ర్యాట్. గూన్‌స్వార్మ్‌కి దౌత్యవేత్త. శత్రు అలయన్స్‌ల నాయకులతో గంటలు గంటలు మాట్లాడి సంధులు కుదిర్చేవారు. స్టాండింగ్ అనే నంబర్ మార్చడం ఒక్క క్లిక్ పని. ఆ క్లిక్ వెనక ఇలాంటివాళ్లు మాట్లాడిన మాటలుంటాయి. నిజజీవితంలో కూడా ఆయన అమెరికా విదేశాంగ శాఖలో ఉద్యోగి. 2012 సెప్టెంబర్ 11న లిబియాలోని బెంఘాజీలో అమెరికా కార్యాలయం మీద జరిగిన దాడిలో చనిపోయారు. వయసు 34 ఏళ్లు. వార్త తెలిశాక ఆటలో ఎన్నో స్టేషన్ల పేర్లు మార్చి ఆయన పేరు పెట్టారు. అందులో ఆయన వైపువాళ్లే కాదు, ఆయనతో యుద్ధం చేసినవాళ్లూ ఉన్నారు. ఎదుటివాడు శత్రువే, కానీ మాట తప్పడు అన్న నమ్మకానికి ఇంతకన్నా రుజువు ఏముంటుంది?

కూటముల మధ్య ఆ నమ్మకం ఎంత పెద్దదో 2014 జనవరి 27న లోకానికి తెలిసింది. బి-ఆర్5ఆర్‌బి అనే చోట ఒక భూమి బిల్లు కట్టడం తప్పింది. చూసిన శత్రువులు దూకేశారు. రెండు వైపులా మిత్రులకి కబురు వెళ్లింది. సుమారు 21 గంటల పాటు యుద్ధం. పాల్గొన్నవాళ్లు 7,548 మంది, 55 అలయన్స్‌లు. 75 టైటన్లు పేలిపోయాయి. నష్టం మొత్తం 11 లక్షల కోట్ల ఇస్క్, నిజమైన డబ్బు లెక్కలో 3 లక్షల డాలర్లకి పైనే. అందరూ ఆ నష్టాన్నే చెప్తారు. నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తుంది. తమ ఏళ్ల కష్టం పేలిపోతుందని తెలిసీ మిత్రుడి కోసం అర్ధరాత్రి లేచి వచ్చినవాళ్లు అందులో ఎందరున్నారో!

2017: తిరిగొచ్చిన లెక్క

చివరి కథ. సర్కిల్ ఆఫ్ టూ అని ఒక అలయన్స్. గూన్‌స్వార్మ్ నడిపే ఇంపీరియం కూటమిలో ఉండేది. 2016లో పెద్ద యుద్ధం నడుస్తుండగా కూటమిని వదిలేసి అవతలి వైపు చేరింది. ఆ యుద్ధంలో ఇంపీరియం తన ఉత్తరాది భూములన్నీ పోగొట్టుకుంది. నమ్మకద్రోహులు అన్న మాట ఆ అలయన్స్ మీద పడింది.

ఏడాదిన్నర తర్వాత, 2017 సెప్టెంబర్. ఆ అలయన్స్‌కి ముఖ్య దౌత్యవేత్తగా ఉన్న ది జడ్జ్ అనే ఆటగాడు సీఎస్ఎం సభ్యుడు కూడా. కౌన్సిల్ సమావేశానికి రేక్యావిక్ వెళ్లాడు. అక్కడ పాత శత్రువులతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాడు. తిరిగొచ్చాక అలయన్స్ ఆస్తుల్ని, రాజధాని కోటతో సహా, ఇతరులకి బదిలీ చేసేశాడు. కొల్లగొట్టినదాని విలువ లక్ష కోట్ల ఇస్క్ పైమాటే.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. అలయన్స్ నాయకుడు కోపం పట్టలేక చాట్‌లో అతనికి నిజజీవితంలో హాని చేస్తానని బెదిరించాడు. కంపెనీ నాయకుడిని శాశ్వతంగా బ్యాన్ చేసింది. అంటే సొమ్మంతా తీసుకెళ్లినవాడు ఆటలో మిగిలాడు, పోగొట్టుకున్నవాడు ఆట నుంచే పోయాడు. అన్యాయం అనిపిస్తుంది. కానీ ఆటలో ద్రోహానికి ఆటలోనే బదులు చెప్పాలి. ఫోన్ బయట ఉన్న మనిషి మీదకి వెళ్లకూడదు. ఆ గీత దాటితే ఎవరి బాధ ఎంత నిజమైనా ఒప్పు కాదు.

మరి మనకేంటి?

మొత్తం లెక్క చూడండి. 2005లో కుడిభుజం, 2009లో డైరెక్టర్, బ్యాంకు సీఈఓ, 2010లో అధినేత, 2017లో దౌత్యవేత్త. వీళ్లలో రికార్డు చెడ్డగా ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. రికార్డు చెడ్డగా ఉంటే ఆ కుర్చీ దాకా వచ్చేవాడే కాదు. అంటే రికార్డు చిన్న దొంగల్ని గేటు దగ్గర ఆపుతుంది. పెద్ద ద్రోహం మాత్రం గేటు దాటి, అందరూ నమ్మాకే జరుగుతుంది.

అలాగని రికార్డు దండగ అనడం లేదు. క్రిబ్బా మాట చెల్లిందంటే ఆయన చరిత్ర అందరికీ తెలుసు కాబట్టే. ప్రావిడెన్స్‌లో కొత్తవాళ్లు బతికారంటే ఆ లిస్టు ఉంది కాబట్టే. తేడా ఎక్కడుందంటే, రికార్డు నిన్నటి సంగతి చెప్తుంది. రేపటికి హామీ ఇవ్వదు. రేపటి కోసం చూడాల్సింది ఇంకోటి: ఇతను మాట తప్పితే మనకి ఎంత పోతుంది? బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ తప్పు ఒకణ్ణి నమ్మడం కాదు. మొత్తం ఇంటి తాళాల గుత్తిని ఒక్కడి జేబులో పెట్టడం.

ఇది మన ఫోన్ గేమ్‌కీ అంతే. మీ గిల్డ్‌లో కొత్తవాణ్ణి చేర్చుకోండి, అనుమానంతో తరిమేయకండి. ఖాళీ ప్రొఫైల్ ఉన్నవాడు నిన్ననే ఆట మొదలెట్టిన పిల్లాడు కావచ్చు. ఒకప్పుడు మనమూ అలాగే వచ్చాం. కానీ లీడర్ హక్కులు ఒక్కరి దగ్గరే కుప్పగా పెట్టకండి. టోర్నమెంట్ డబ్బు ఇద్దరికి తెలిసేలా ఉంచండి. అకౌంట్ పాస్‌వర్డ్, ఓటీపీ మాత్రం ఎంత ప్రాణ స్నేహితుడైనా ఇవ్వకండి. అది స్నేహాన్ని అనుమానించడం కాదు, ఆ స్నేహానికి అంత బరువు పెట్టకపోవడం.

ఇంకో మాట. మీ ఆటలో బయోడేటా చెరిగిపోవచ్చు, ఐడీ మార్చుకోవచ్చు, కొత్త పేరుతో రావచ్చు. కానీ మీతో ఆడినవాళ్లకి గుర్తుంటుంది. ఓడిపోతున్న మ్యాచ్‌లో ఎవరు వదిలేసి వెళ్లారో, ఎవరు చివరిదాకా ఉన్నారో.

మీ గిల్డ్‌లో ఇలాంటి అనుభవం ఏదైనా జరిగి ఉంటే, పేర్లు చెప్పకుండా, మాకు రాయండి. ఇంకో ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా సెలవు.